గట్టికి వ్యతిరేకం మెత్తనా, వదులా, మెల్లగానా? నానార్థాలున్న మాటతో వచ్చే చిక్కు

"గట్టి"కి వ్యతిరేక పదం ఏంటి అని ఎవర్నైనా అడిగి చూడండి. చాలామంది ఠక్కున "మెత్తన" అంటారు, కాస్త ఆగి ఆలోచించేవాళ్లు "వదులు" అంటారు, ఇంకొకరు "మెల్లగా" అనొచ్చు. ముగ్గురూ చెప్పింది నిజమే కానీ ఏదీ పూర్తి జవాబు కాదు, ఎందుకంటే అడిగిన ప్రశ్నే సగం ప్రశ్న. గట్టి నేలకి వ్యతిరేకం మెత్తటి నేల, గట్టి ముడికి వదులు ముడి, గట్టిగా మాట్లాడటానికి మెల్లగా మాట్లాడటం, గట్టి గింజకి తాలు గింజ, గట్టి సాక్ష్యానికి బలహీనమైన సాక్ష్యం, గట్టి పోటీకి నామమాత్రపు పోటీ, గుండె గట్టివాడికి పిరికివాడు. ఇప్పుడు వీటిని అటుదిటు మార్చి చూడండి, తాలు ముడి, వదులు సాక్ష్యం, పిరికి నేల... ఒక్కటీ నిలబడదు.

అంటే ఒక్క "గట్టి"కే ఏడు వ్యతిరేకాలు వచ్చాయి, ఇంకా వెతికితే ఇంకా వస్తాయి. దీన్ని చూసి భాషలో క్రమం లేదనుకోకూడదు, క్రమం ఉంది, కాకపోతే మనం వెతికే చోటు తప్పు. వ్యతిరేకం అనేది మాటకి ఉండదు, ఆ మాట ఆ వాక్యంలో ఏ అర్థంతో కూర్చుందో ఆ అర్థానికి ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి, కానీ చిన్నప్పటినుంచీ మనం పగలు × రాత్రి, మంచి × చెడు, ఎత్తు × పల్లం అని జంటలు జంటలుగా బట్టీ పట్టేసాం కాబట్టి ప్రతి మాటకీ ఎక్కడో ఒక జోడీ ముందే రాసిపెట్టి ఉంటుందన్న నమ్మకం లోపల ఉండిపోయింది.

ఒకే అర్థం ఉన్న మాటలకి ఆ జోడీల పద్ధతి బానే పనిచేస్తుంది. ఉత్తరం × దక్షిణం, అందులో గొడవేం లేదు (ఆ ఉత్తరం పోస్టులో వచ్చే ఉత్తరం కాకపోతే). కానీ రోజూ వాడే మాటల్లో అలాంటివి చాలా తక్కువ. జార్జ్ జిప్ఫ్ అనే అమెరికన్ భాషావేత్త 1945లోనే ఒక సంగతి గమనించి రాసాడు, మాట ఎంత ఎక్కువ వాడకంలో ఉంటే దానికి అన్ని ఎక్కువ అర్థాలు ఉంటాయి అని. కాబట్టి వ్యతిరేక పదం కోసం మనం తరచూ వెతికే మామూలు మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, అరుదైన గ్రాంథిక పదాలు కాదు.

ఇక్కడ రెండు రకాల నానార్థాల్ని విడిగా చూడాలి, స్కూల్లో రెండిటినీ ఒకే పేరుతో నేర్పిస్తారు గానీ వ్యతిరేకాల దగ్గరికొచ్చేసరికి తేడా తెలుస్తుంది. మొదటి రకం, పలకడం ఒకటే కానీ అసలు వేర్వేరు మాటలు. "ఆరు" చూడండి. అంకె ఆరుకి వ్యతిరేకమే లేదు. దీపం ఆరింది అన్నదానికి వెలిగింది. బట్టలు ఆరాయి అన్నదానికి తడిశాయి. ఈ ఆరడాలు రెండూ ఒకదానికొకటి చుట్టాలు కావచ్చేమో గానీ అంకెతో వాటికి ఏ సంబంధమూ లేదు. ఈ రకంతో పెద్ద కష్టం ఉండదు, వాక్యం వినగానే ఏ మాటో తెలిసిపోతుంది. కష్టమంతా రెండో రకంతో, అంటే ఒకే మాట తన మూలార్థం నుంచి కొమ్మలు కొమ్మలుగా విస్తరించిన చోట. "గట్టి" అలాంటిదే. ఒత్తితే లొంగనిది అన్న ఒక్క భావం నేలలోంచి ముడిలోకి, ముడిలోంచి సాక్ష్యంలోకి, అక్కడ్నించి మనిషి గుండెలోకి వెళ్లింది. అర్థాలు ఒకదానిలోకి ఒకటి పాకుతూ ఉంటాయి కాబట్టి ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలైందో మనకి తెలీదు, కానీ వ్యతిరేక పదాలకి తెలుసు. నిజానికి ఒక మాటకి ఎన్ని అర్థాలున్నాయో తేల్చడానికి నిఘంటువులు తయారుచేసేవాళ్లు వాడే పరీక్షల్లో ఇదీ ఒకటి, వ్యతిరేక పదం మారిందంటే అర్థం మారినట్టే అని.

వ్యతిరేకం అంటే దూరం కాదు

చాలామంది పొరబడే చోటు ఇంకోటుంది. వ్యతిరేక పదాలంటే అర్థంలో ఒకదానికొకటి చాలా దూరంగా ఉండేవి అనుకుంటారు. కాదు, అవి చాలా దగ్గరగా ఉండేవి. వేడికి వ్యతిరేకం చల్లన, ఎందుకంటే రెండూ ఉష్ణోగ్రత గురించే మాట్లాడుతున్నాయి, మిగతావన్నీ కలిసి ఒక్క దిక్కు మాత్రమే తేడా. వేడికీ నాగలికీ ఏ పోలికా లేదు, అంత దూరంగా ఉన్నాయి కాబట్టే అవి వ్యతిరేకాలు కావు. కంప్యూటర్లకి భాష నేర్పేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. మాటల చుట్టూ వచ్చే మాటల్ని బట్టి అర్థాన్ని లెక్కగట్టే పద్ధతుల్లో వేడి, చల్లన రెండూ దాదాపు పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి, నీళ్లు, గాలి, రోజు అన్నీ రెండిటి పక్కనా కనిపిస్తాయి కాబట్టి. పర్యాయపదాన్నీ వ్యతిరేక పదాన్నీ విడదీయడం వాటికి అంత తేలిక కాదు.

మిగతావన్నీ కలిసి ఒక్కటి మాత్రమే తేడా ఉండాలన్నప్పుడు, ఆ ఒక్కటి ఏది అన్న ప్రశ్న వస్తుంది కదా. "అన్న" అనే మాట తీసుకోండి. అన్నలో మూడు సంగతులున్నాయి, ఒకే తల్లిదండ్రుల పిల్లలు, మగ, వయసులో పెద్ద. వయసు తిప్పితే తమ్ముడు. ఆడమగ తిప్పితే అక్క. రెండూ తిప్పితే చెల్లెలు. మరి అన్నకి వ్యతిరేకం ఎవరు? పుంలింగం స్త్రీలింగం పాఠంలో అయితే అక్క, పెద్ద చిన్న గురించి అయితే తమ్ముడు. చెల్లెలు మాత్రం ఎవరికీ తట్టదు, ఎందుకంటే రెండు మెట్లు ఒకేసారి దాటితే అది వ్యతిరేకంలా అనిపించదు, వేరే మనిషిలా అనిపిస్తుంది. గమనించారా, ఇక్కడ "అన్న"కి అర్థం ఒక్కటే (పిలుపులో వాడే అన్నని పక్కనపెడితే), అయినా వ్యతిరేకాలు రెండొచ్చాయి. అర్థాలు ఒకటికి మించి ఉంటే ఒక్కో అర్థంలో తిప్పగలిగినవి ఇంకొన్ని ఉంటాయి, లెక్క అలా పెరుగుతూ పోతుంది.

"పచ్చి"తో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. పచ్చి కాయకి పండిన కాయ, అక్కడ మనం తిప్పింది ఎదుగుదల. పచ్చి కట్టెకి ఎండు కట్టె, ఇక్కడ తిప్పింది తడి. పచ్చి ఇటుకకి కాల్చిన ఇటుక, పచ్చి పాలకి కాచిన పాలు, ఇక్కడ నిప్పు. పచ్చి పుండుకి మానిన పుండు, ఇక్కడ కాలం. ఆకు సంగతి ఇంకా బావుంటుంది, పచ్చి ఆకుకి పండుటాకూ వ్యతిరేకమే, ఎండుటాకూ వ్యతిరేకమే. పండుటాకులో ఇంకా తడి ఉంటుంది కానీ వయసైపోయింది, ఎండుటాకులో తడే లేదు. చెట్టు మీద ఆకుతో ఒక మనిషి వయసుని పోల్చి రాయాలంటే పండుటాకు కావాలి, నిప్పు రాజేసే సందర్భమైతే ఎండుటాకు కావాలి. రాసేవాడికి ఏది కావాలో "పచ్చి" అన్న మాట చెప్పదు, వాక్యమే చెప్పాలి.

అదే పచ్చిని "పచ్చి అబద్ధం"లో పెట్టండి. పండిన అబద్ధం లేదు, ఎండు అబద్ధం లేదు, కాల్చిన అబద్ధమూ లేదు. ఎందుకంటే ఇక్కడ పచ్చికి సొంత అర్థం దాదాపు లేదు, ఆ తర్వాత వచ్చే మాటకి బలం ఇవ్వడమే దాని పని. పచ్చి నిజం అని కూడా అంటాం కదా, అబద్ధానికీ నిజానికీ రెండిటికీ ఒకే పచ్చి సరిపోయిందంటేనే తెలుస్తోంది అది వాటి గుణం గురించి ఏమీ చెప్పట్లేదని. ఇలాంటి చోట వ్యతిరేకం వెతకాల్సింది పచ్చికి కాదు, అబద్ధానికి. "మంచి" కూడా అంతే, మంచి మనిషికి చెడ్డ మనిషి ఉన్నాడు, మంచినీళ్లకి ఉప్పునీళ్లు ఉన్నాయి, కానీ "మంచి ఎండలో బయల్దేరాడు" అంటే చెడ్డ ఎండ ఎక్కడుంది? అక్కడ మంచి అంటే బాగా, మిక్కిలి అని. లేత ఎండలో బయల్దేరాడు అంటే అర్థం తిరుగుతుంది. మంచి × లేత అని ఏ జాబితాలోనూ ఉండదు, ఉండకూడదు కూడా, అయినా ఈ వాక్యం వరకు అదే సరైన జవాబు.

తియ్యి, వెయ్యి

నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆసక్తిగా అనిపించేది ఈ రెండు క్రియలు. తలుపు తియ్యి అంటే తెరవమని. లైటు తియ్యి అంటే ఆర్పమని. తలుపు వెయ్యి అంటే మూయమని, లైటు వెయ్యి అంటే వెలిగించమని. జంట మారలేదు, రెండుచోట్లా తియ్యి × వెయ్యే, కానీ జరిగే పని చూస్తే ఒకచోట తియ్యడం వల్ల దారి వస్తుంది, ఇంకోచోట తియ్యడం వల్ల వెలుగు పోతుంది. పైకి తలకిందులైనట్టుంది, కానీ కాదు. వెయ్యడం అంటే ఒకదాన్ని దాని చోటుకి చేర్చడం, తియ్యడం అంటే ఆ చోటి నుంచి తొలగించడం. తలుపు విషయంలో తొలిగేది అడ్డు కాబట్టి దారి తెరుచుకుంటుంది, లైటు విషయంలో తొలిగేది వెలుగు కాబట్టి చీకటవుతుంది. మూలార్థం రెండుచోట్లా చెక్కుచెదరలేదు. అందుకే "తియ్యి అంటే తెరవడం, తెరవడానికి వ్యతిరేకం మూయడం, కాబట్టి తియ్యికి వ్యతిరేకం మూయి" అని గొలుసుకట్టుగా వెళ్తే లైటు దగ్గర ఇరుక్కుపోతాం.

కానీ ఈ జంట కూడా అన్నిచోట్లా నిలవదు. అకౌంట్లో డబ్బు వేసాం, తీసాం, బావుంది. తాళం వేసాం, తీసాం, అదీ బావుంది. గొయ్యి తీసాం, మరి వెయ్యగలమా? పూడ్చాలి. ముడి వేసాం, తీస్తామా? విప్పుతాం. జాబితాలోంచి పేరు తీసేస్తే దానికి వ్యతిరేకం చేర్చడం, ఉద్యోగంలోంచి తీసేస్తే పనిలో పెట్టుకోవడం, లెక్కల్లో తీసివేతకి కూడిక. ఫోటో తియ్యడానికి ఏమీ లేదు, ఫోటో తియ్యకపోవడమే. ఓటు వెయ్యడానికీ అంతే. ప్రశ్న వెయ్యడానికి జవాబు చెప్పడం ఉంది కానీ అది వేరే రకం వ్యతిరేకం, దాని సంగతి కిందకొస్తుంది. "అడుగు ముందుకు వేశాడు" అన్న వాక్యం చూడండి, దీన్ని తిప్పాలంటే క్రియని ముట్టుకోనే అక్కర్లేదు, అడుగు వెనక్కి వేశాడు అంటే చాలు. వాక్యంలో వ్యతిరేకత ఏ మాట దగ్గరుందో కూడా ముందు తేల్చుకోవాలన్నమాట.

"దిగు" కూడా ఇలాంటిదే. బస్సు దిగడానికి ఎక్కడం ఉంది, మత్తు దిగడానికి ఎక్కడం ఉంది. కానీ రంగంలోకి దిగాడు అంటే పని మొదలుపెట్టాడని, పదవి దిగాడు అంటే పని ముగించాడని. మొదటిదానికి వ్యతిరేకం తప్పుకున్నాడు, రెండోదానికి వ్యతిరేకం పదవి చేపట్టాడు లేదా గద్దెనెక్కాడు. విచిత్రం ఏంటంటే మొదటి దిగడానికి రెండో దిగడమే దాదాపు వ్యతిరేకంగా తయారైంది. విభక్తి ఒక్కటి తేడా, "లోకి" ఉందా లేదా అని. అందుకే వాక్యం లేకుండా క్రియని ఒంటరిగా పట్టుకుని వెతకడం దండగ.

తనకి తానే వ్యతిరేకమైన మాట

"దిగు" దాదాపు అన్నాను, "ముందు" అయితే పూర్తిగా ఆ పని చేస్తుంది. స్థలంలో ముందుకి వెనక ఉంది, ఇంటి ముందు, ఇంటి వెనక, గొడవలేదు. కాలంలోకి వచ్చేసరికి, "ఇంతకు ముందు చెప్పాను" అంటే జరిగిపోయిన కాలం, "ముందు ముందు తెలుస్తుంది" అంటే రాబోయే కాలం. ఒకే మాట గతానికీ భవిష్యత్తుకీ రెండిటికీ పేరైంది! కాబట్టి మొదటిదానికి వ్యతిరేకం "ఇక మీదట", రెండోదానికి వ్యతిరేకం "వెనకటికి", ఇక "ముందు నువ్వు వెళ్లు" అంటే వరస గురించి కాబట్టి దానికి "తర్వాత".

ఇదెలా కుదిరిందంటే, ముందు అన్నది ఒక చూసే కోణం. కాలంలో మనం నడుస్తున్నాం అనుకుంటే మన ముందున్నది భవిష్యత్తు. సంఘటనలే ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తున్నాయి అనుకుంటే వరసలో ముందు వచ్చినది పాతది. రెండు చూపులూ భాషలో పక్కపక్కనే బతుకుతున్నాయి, మాట్లాడేవాళ్లెవరికీ ఇబ్బంది రాదు, ఎందుకంటే "ఇంతకు", "ముందు ముందు" లాంటి చిన్న చిన్న గుర్తులు ఏ చూపులో చూడాలో చెప్పేస్తాయి. కానీ ఎవరైనా "ముందు × ?" అని రాసి ఖాళీ వదిలితే, వెనక, తర్వాత, ఇక మీదట, వెనకటికి, నాలుగూ కరెక్టే అవుతాయి.

రకాలు మారితే జవాబు మారుతుంది

వ్యతిరేకాలన్నీ ఒకే రకం కావు. అరిస్టాటిల్ కాలం నుంచీ వీటిని రకాలుగా విడదీస్తూనే ఉన్నారు, ఆధునిక భాషాశాస్త్రంలో జాన్ లయన్స్ 1977లో చేసిన విభజన బాగా వాడుకలో ఉంది. దాని సారం మన మాటల్లో చెప్పాలంటే, కొన్ని జంటల మధ్య మెట్లు ఉంటాయి, వేడికీ చల్లనికీ మధ్య గోరువెచ్చన ఉన్నట్టు. కొన్నిటి మధ్య చోటే లేదు, బతికి లేడంటే చనిపోయినట్టే. ఇంకొన్ని ఒకే సంఘటనని రెండు వైపుల నుంచి చూడటం, ఒకడు కొన్నాడంటే ఇంకొకడు అమ్మినట్టే, గురువు ఉన్నాడంటే శిష్యుడు ఉన్నట్టే.

నానార్థాల మాటకి ఒక్కో అర్థంలో ఒక్కో రకం వ్యతిరేకం పడొచ్చు, అసలు చిక్కు అక్కడే. "చెప్పు" అన్న క్రియ చూడండి. నేను చెప్పాను, నువ్వు విన్నావు, ఇది రెండు వైపుల జంట. నిజం చెప్పాడు × నిజం దాచాడు, ఇది చేసిన పనికి తిరగేసిన పని. జవాబు చెప్పాడు × ప్రశ్న అడిగాడు, మళ్లీ రెండు వైపులు కానీ ఈసారి వైపు వేరు. పాఠం చెప్పాడు × పాఠం నేర్చుకున్నాడు. వినడం, దాచడం, అడగడం, నేర్చుకోవడం, వీటిలో ఏదీ ఇంకోదానికి పర్యాయపదం కాదు, అయినా నాలుగూ "చెప్పు"కి వ్యతిరేకాలే. కాలికి వేసుకునే చెప్పుని ఇందులోకి తేలేదు, అది వేరే మాట.

"నిండు" ఇంకో పాఠం నేర్పుతుంది. నిండు కుండకి వ్యతిరేకం ఖాళీ కుండా, వెలితి కుండా? రెండూ ఒప్పే, కానీ రెండూ ఒకటి కాదు. ఖాళీ అంటే ఆ చివర, వెలితి అంటే నిండు కానిది ఏదైనా. సగం ఉన్న కుండ వెలితి కుండే కానీ ఖాళీ కుండ కాదు. తర్కశాస్త్రంలో ఈ తేడా చాలా పెద్దది, మనం మాటల్లో పట్టించుకోం గానీ వాదనల్లో ఎన్నో గొడవలు ఇక్కడే పుడతాయి, ఒకడు "ఇది పూర్తిగా సరిగ్గా లేదు" అంటే ఎదుటివాడు "అంటే మొత్తం తప్పంటావా" అని లేస్తాడు. "లేదు", "కాదు" పెట్టి చెప్పేదానికీ వ్యతిరేక పదానికీ ఉన్న దూరం అది. నవ్వలేదు అంటే ఏడ్చాడని కాదు. అన్నట్టు నిండు చంద్రుడికి నెలవంక ఉంది, నిండు గర్భిణికి మాత్రం ఏమీ లేదు.

"అ" తగిలిస్తే సరిపోదా

సంస్కృతం నుంచి వచ్చిన మాటలకి ముందు అ, అన్, నిర్, దుర్ లాంటివి తగిలించి పని కానిచ్చేయొచ్చు అనుకుంటారు. ధర్మం × అధర్మం, సాధ్యం × అసాధ్యం, బానే ఉంది. కానీ సంస్కృత వ్యాకరణ సంప్రదాయంలోనే ఈ "అ"కి ఆరు అర్థాలు చెప్పారు. పోలిక, లేకపోవడం, వేరేది కావడం, కొంచెంగా ఉండటం, మెచ్చదగనిది కావడం, ఆ చివరగా విరోధం. ఆరింటిలో ఒక్కటే అసలు వ్యతిరేకం! కొంచెంగా ఉండటానికి వాళ్లిచ్చే ఉదాహరణ అనుదర, మాట ప్రకారం పొట్ట లేనిది అనాలి, కానీ అర్థం సన్నని నడుము ఉన్నది అని.

అందుకే "అమూల్యం" అంటే విలువలేనిది కాదు, వెల కట్టలేనిది. "అసమానం" అయితే రెండు వైపులా నడుస్తుంది, అసమాన పంపిణీకి వ్యతిరేకం సమాన పంపిణీ, కానీ అసమాన ప్రతిభకి వ్యతిరేకం సమాన ప్రతిభ కాదు, సామాన్యమైన ప్రతిభ. విజయానికి జయం వ్యతిరేకం కాదు, వియోగానికి మాత్రం యోగం కాకుండా సంయోగం సరిపోతుంది. అసుర అన్న మాటకైతే ఇంకా పెద్ద కథ ఉంది, ఋగ్వేదంలో వరుణుడి లాంటి దేవతల్ని కూడా అసుర అన్నారు, అందులో మొదటి "అ" "లేదు" అనే అర్థంలో వచ్చిన "అ" కాదు, మాట మొత్తం ఒకటే. తర్వాత జనం దాన్ని అ + సుర అని విడగొట్టుకుని, సుర అంటే దేవత అయ్యుంటుందని కొత్తగా ఒక మాట పుట్టించారు. అంటే ఇక్కడ వ్యతిరేక పదమే ముందు పుట్టింది, అసలు పదం తర్వాత.

ఒక్కో రంగం తన సొంత జంటల్ని పెట్టుకోవడం ఇంకో సంగతి. "కఠినం" మామూలుగా అయితే కఠినమైన ప్రశ్న × సులభమైన ప్రశ్న, కఠిన హృదయం × కోమల హృదయం. రసాయనశాస్త్రంలో కఠిన జలానికి మృదు జలం. కోర్టు తీర్పులో కఠిన కారాగార శిక్షకి సాధారణ కారాగార శిక్ష. ఆ "సాధారణ"ని పట్టుకుని ఎన్నికల్లోకి వెళ్తే సాధారణ ఎన్నికకి ఉప ఎన్నిక, వడ్డీ లెక్కల్లోకి వెళ్తే సాధారణ వడ్డీకి చక్రవడ్డీ. తెలుగు వ్యాకరణంలో అయితే క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు, కానీ పరుషమైన మాటకి వ్యతిరేకం సరళమైన మాట అనం, మృదువైన మాట అంటాం, సరళ రేఖకి పరుష రేఖ అసలే కాదు, వక్ర రేఖ. ధన ఆవేశానికి రుణ ఆవేశం, ధనవంతుడికి మాత్రం రుణవంతుడు కాదు, పేదవాడు. ఇవన్నీ నియమాలు కావు, ఆ రంగంలో స్థిరపడ్డ ఒప్పందాలు, వాటిని తెలుసుకోవాల్సిందే, ఊహించి రాస్తే దొరకవు.

నిఘంటువులు ఎందుకు సాయం చెయ్యవు

సంస్కృత నిఘంటువు అమరకోశంలో నానార్థ వర్గం అని ప్రత్యేకంగా ఉంది, పర్యాయపదాలైతే పుస్తకమంతా ఉన్నాయి, కానీ వ్యతిరేక పదాలకి విడిగా వర్గం లేదు. ఇంగ్లీషులో పీటర్ రోజె 1852లో అచ్చువేసిన థెసారస్ వేరే దారి పట్టింది, మాటల్ని అక్షరక్రమంలో కాకుండా భావాల వారీగా పెట్టి, వ్యతిరేక భావాల్ని ఎదురెదురుగా నిలబెట్టింది. మాటకి కాకుండా భావానికి ఎదురు చూపించడం అన్నది మనం మాట్లాడుకుంటున్న దానికి చాలా దగ్గర. 1985లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ మొదలుపెట్టిన కంప్యూటర్ నిఘంటువు వర్డ్‌నెట్‌లో అర్థాల్ని గుంపులుగా కట్టారు, ఒక్కో గుంపులో ఒకే అర్థమున్న మాటలు. కానీ వ్యతిరేకాన్ని మాత్రం గుంపుకీ గుంపుకీ మధ్య కాకుండా మాటకీ మాటకీ మధ్యే పెట్టారు, ఎందుకంటే అర్థం ఒకటే అయినా అన్ని మాటలూ జోడీ కట్టవు.

అది నిజం. జననం × మరణం, పుట్టుక × చావు. జననం × చావు అనండి, అర్థం తప్పేం కాదు కానీ చెవికి గుచ్చుకుంటుంది. తత్సమానికి తత్సమం, దేశ్యానికి దేశ్యం జోడీ కుదరాలని చెవి అడుగుతుంది. అంటే అర్థం తేల్చడం సగం పనే, ఆ అర్థం ఏ మాటల వేషంలో వచ్చిందో కూడా చూడాలి. మరి సొంత జోడీ లేని మాటల్ని ఏం చెయ్యాలి అంటే, వర్డ్‌నెట్ చేసిన పని మనమూ చెయ్యొచ్చు, చుట్టూ తిరిగి రావడం. "భారీ"కి నేరుగా జోడీ లేదు. భారీ వర్షం అంటే గట్టి వర్షం, దానికి ఎదురు తేలికపాటి వర్షం. భారీ నష్టం అంటే పెద్ద నష్టం, ఎదురు స్వల్ప నష్టం. భారీ పరిశ్రమకి చిన్న తరహా పరిశ్రమ. మూడుచోట్లా మూడు జవాబులు, మూడూ పక్కనున్న పర్యాయపదం మీదుగా వచ్చినవే.

నేను వెతికేటప్పుడు చేసేదీ ఇదే. మాటని ఒంటరిగా చూడను, దాని పక్కన ఏ నామవాచకం ఉందో చూస్తాను, ఆ చోట దాని బదులు పెట్టగలిగే ఇంకో మాట ఒకటి ఆలోచిస్తాను, అప్పుడు ఆ రెండో మాటకి వ్యతిరేకం వెతుకుతాను. గట్టి సాక్ష్యం బదులు బలమైన సాక్ష్యం అనగలిగానంటే బలహీనమైన అన్నది దానంతటదే వచ్చేస్తుంది. తర్వాత దొరికిన మాటని వెనక్కి తిప్పి చూస్తాను, బలహీనమైన సాక్ష్యానికి వ్యతిరేకం ఏంటి అంటే మళ్లీ గట్టి సాక్ష్యం దగ్గరికి రావాలి. రాకపోతే దారి తప్పినట్టు. ఉదాహరణకి మెల్లగా మాట్లాడాడు అన్నదాన్ని వెనక్కి తిప్పితే గట్టిగా మాట్లాడాడు వస్తుంది, కానీ వేగంగా మాట్లాడాడు కూడా వస్తుంది, ఎందుకంటే మెల్లగా అన్నదే గొంతు గురించీ వేగం గురించీ రెండిటికీ వాడతాం. అప్పుడు మెల్లగాని పక్కనపెట్టి "గొంతు తగ్గించి" అని రాస్తే అనుమానం ఉండదు. ఒక్క మాటలో జవాబు రావాలన్న పట్టుదల వదిలేస్తే చాలాసార్లు రెండు మాటల పదబంధమే సరైన వ్యతిరేకం అవుతుంది, అది ఓటమి ఏమీ కాదు.

ఇదంతా చూసాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది, పరీక్షల్లో "కింది పదాలకు వ్యతిరేక పదాలు రాయండి" అని ఉత్త మాటలు ఇవ్వడం మానెయ్యాలి. పచ్చి, గట్టి, ముందు, తేలిక, ముదురు లాంటివి ఇచ్చి ఒకే జవాబుకి మార్కు వేస్తే, తేలికకి బరువు అని రాసినవాడికి మార్కు వచ్చి కష్టం అని రాసినవాడికి రాదు, నిజానికి రెండోవాడు తేలికైన లెక్కని తలుచుకున్నాడు, మొదటివాడు తేలికైన పెట్టెని తలుచుకున్నాడు, అంతే తేడా. ముదురుకి లేత అన్నవాడు ఆకునో రంగునో చూశాడు, అమాయకుడు అన్నవాడు మనిషిని చూశాడు. ప్రశ్నలో ఒక చిన్న వాక్యం ఇచ్చి అందులో మాట కింద గీత గీస్తే ఈ అన్యాయం జరగదు. వాక్యం ఇవ్వకుండానే అడిగితే మాత్రం, పిల్లలు రాసిన జవాబు పక్కన వాళ్లని ఒక వాక్యం రాయమనాలి, ఆ వాక్యంలో జవాబు కుదిరితే మార్కు వెయ్యాలి.